అరగంట మైకు ఆపండి

సెప్టెంబర్ 21, ఆదివారం

టోని తాత లూట్ సంగీతం గ్రామఫోను ప్లేట్లన్నిటినీ నాశనం చేసినవాడు హరిబాబు. కోపం చల్లారితే మెత్తబడిపోతానేమోనని ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. హరిబాబు. మా రైల్వే క్వార్టర్ల లేనులోని రీడింగ్ రూముకి సెక్రటరీ, దుర్గాపూజ కమిటీకి సెక్రటరీ, దేనికి సెక్రటరీ కావాలన్నా అందరికంటే ముందు చెయ్యెత్తే హరిబాబు. నిన్నటిదాకా మావ అని పిలిచేవాణ్ణి. ఇక పిలవను.

జరిగింది జరిగినట్టు రాయాలి.

ప్రతి ఆదివారంలాగే సాయంత్రం తాత ఖరిదా పేట నుంచి టోటో రిక్షాలో వచ్చినాడు. రీడింగ్ రూము వెనక గదిలో ఆయన ప్లేయరూ, ప్లేట్ల అలమారా. ఖరిదాలో ఆయన అద్దె గదికి తేమ, పైగా గోడ అవతల ఇంటివాళ్ళ టీవీ. అందుకని ఎన్నో ఏళ్ళుగా అవి ఇక్కడే ఉంటున్నాయి. నేనూ, ఖరిదాలో జెరాక్సు కొట్టు నడిపే మీనాకుమారీ ఫ్యాను ఆపి, కిటికీ రెక్కలు మూసి కూచున్నాం. నాన్న కూడా వచ్చినాడు. ఎప్పుడూ గుమ్మం బయట మెట్టు మీద కూచుంటాడు, చేతులు మురికంటాడు. ఇవాళ మాత్రం లోపలికొచ్చి గుమ్మం పక్క గోడకానుకుని నిలబడ్డాడు. ఉతికిన చొక్కా. ఎందుకో సంతోషంగా ఉన్నాడు కూడా.

తాత నీలం అట్ట ప్లేటు తీసినాడు. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు పాటలున్నది. అట్ట మీద లూట్ వాయిద్యం బొమ్మ, సగానికి కోసిన పుచ్చకాయలాంటి పొట్ట, మెడ విరిచినట్టు వెనక్కి వంగిన తల. మొదటి పాట మొదలయ్యేముందు ఆ వాయించేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. అది నాకూ తెలుసు. ఆ ఊపిరి కోసమే అందరం ఊపిరి బిగబట్టి కూచుంటాం.

ముల్లు ఆనింది. బ్రేకు బ్లాకు చక్రానికి రాసుకున్నట్టు రొద. అంతే. ఊపిరి లేదు, తీగ లేదు, ఏమీ లేదు.

తాత కుడి చెవి స్పీకరు దగ్గరికి తెచ్చినాడు. అరిచేత్తో చెవి మూసి, తెరిచి, మళ్ళీ మూసినాడు. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూచున్నాడు.

"పోయిందిరా బుజ్జీ" అన్నాడు. "ఎడంది పోయినప్పుడూ ఇలాగే రొదొచ్చినాది. సర్లే. శానా ఏళ్ళు పన్జేసింది పాపం."

చెవిని ఇంజిను బానెట్టు తట్టినట్టు తట్టినాడు. మీనాకుమారే అంది.

"తాతా, మాకూ అలాగే వినిపిస్తంది."

"ఏటి?"

"సెవి కాదు తాతా. ప్లేటు."

ఆయన ముఖంలో ఒక్క క్షణం వచ్చిన నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. చెవి బతికే ఉంది. ఆ నవ్వు అలాగే ఉండగానే మిగతాది అర్థమయింది.

ప్లేటు తీసి కిటికీ తెరిచి వెలుతురులో పట్టినాడు. ఒళ్ళంతా గీతలు, అడ్డంగా, గుండ్రంగా, పిచ్చిగా. పైన జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. ఎందుకో తలెత్తి గుమ్మం వైపు చూసినాడు. నేను ఒక్కొక్క ప్లేటూ తీసినాను. అన్నీ అలాగే. ప్రతి ప్లేటు నడిమధ్యన సింధూరం బొట్టు. ప్లేయరు మూత మీద కూడా బొట్టు. మేకకి బొట్టు పెట్టి కొట్టినట్టు.

వెనక్కి తిరిగి చూస్తే నాన్న లేడు. చూడలేక వెళ్ళిపోయినట్టున్నాడు.


అదే రోజు, రాత్రి భోజనాలకి ముందు

హరిబాబే అని ఎందుకంటున్నానంటే:

తాళం అతని ఇంట్లో మేకుకి వేలాడుతుంది. దుర్గాపూజకి మైకు సెట్లు పెట్టుకోడానికి వెనక గది కావాలని పోయిన నెలలోనే అన్నాడు. "ఆ పాత ప్లేట్లు ఎవలికి కావాలి, తీసేయించండి" అని నా ముందే అన్నాడు. ఇంకేం కావాలి?

తాత రిటైరైన మెయిలు రైలు డ్రైవరు. హౌరాలో బండి దిగి, రెస్టు టైములో పడుకోకుండా కలకత్తా ఫుట్‌పాతుల మీద తిరిగి కొన్న ప్లేట్లివి. మొదటిది కొన్నప్పుడు అట్ట మీది బొమ్మ చూసి వీణ అనుకున్నాడంట. ఆయన భార్య తబిత మామ్మ నవ్వి, "ఇది మన వీణకి విదేశాల్లో సుట్టం" అందంట. ఇంజినులో రోజంతా కూచుని దిగిన చెవికి ఇంకేదీ ఎక్కదు, అంత మెల్లగా పలికేదొక్కటే ఎక్కుతుందంటాడు తాత. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఎప్పుడైనా పోవచ్చని డాక్టరు చెప్పేసినాడు. అందుకే ఈ వేసవి నుంచి వారానికొక ప్లేటు చొప్పున అన్నిటినీ ఆఖరిసారి వింటున్నాడు. చెవి ఉండగానే.

సగం కూడా అవ్వలేదు.


సెప్టెంబర్ 22, సోమవారం

కరపత్రం రాసినాను. శీర్షిక: 'శ్రామికుని చెవిపై దాడి'. నాలుగు సార్లు తిరగరాసినాను.

ఒక చిక్కు వచ్చింది. లూట్ రాజుల కొలువుల్లో పుట్టిన వాయిద్యం. భూస్వామ్య సంస్కృతి అని ఎవరైనా అంటే? స్టేషను బయట కొన్న పుస్తకాలన్నీ తిరగేసినాను, లూట్ గురించి ఎక్కడా లేదు. చివరికి నేనే తేల్చుకున్నాను. రాజు విన్నాడు, వాయించినవాడు కూలివాడు. తలుపు దగ్గర నిలబడి, పిలిచినప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోయినవాడు. కాబట్టి లూట్ మనదే. ఈ పేరా నాకు బాగా నచ్చింది.

ఖరిదాలో మీనాకుమారి జెరాక్సు కొట్టుకి పట్టుకెళ్ళినాను. చదివి, కిందికంటా వచ్చి ఆగింది.

"శ్రామిక సంగీత పరిరక్షణ వేదిక. ఇందులో ఎంతమందున్నారు?"

"ప్రస్తుతానికి నేను."

"అధ్యచ్చుడూ నువ్వే, సప్పట్లూ నువ్వేనా?"

"పేరు పెట్టకపోతే ఎలా? బుజ్జిబాబు అని సంతకం పెడితే ఎవడు భయపడతాడు?"

"హరిబాబు మావే సేసినాడని నువ్వు సూసినావా?"

"చూడాలా?"

"నేను మిషను మీద కాయితం పెట్టే ముందు ఏ వైపు అచ్చుందో సూస్తాను" అంది. కానీ కొట్టి ఇచ్చింది.

నాన్న నిన్నటి నుంచి సరిగ్గా తినడం లేదు. ఇంత బాధ పడతాడనుకోలేదు. సంగీతం నాన్నకి పట్టదనుకునేవాణ్ణి. నాదే తప్పు, శ్రామికుడి హృదయాన్ని తక్కువ అంచనా వేసినాను. పొద్దున్న డ్యూటీకి వెళ్తూ అడిగినాడు.

"ఇంక పలకవేట్రా అయ్యి? ఏటి సేసినా?"

"పలకవు నాన్నా. చంపేసినాడు."

"కిరసనాయిలు పడదేటి వోటికి?"

"ఏ ఆయిలూ పడదు. వేలు కూడా తగలకూడదు."

నాన్న చెప్పులేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. పాపం, ఏం తెలుసు ఆయనకి, రైల్వే వర్క్‌షాపు తప్ప.

రాయడం మర్చిపోతాను, ఇది కూడా ఇక్కడే పెడతాను. మొన్న వర్క్‌షాపులో పనిముట్లకి చేసిన విశ్వకర్మ పూజకి ముందు వారం నాన్నతో పెద్ద వాదన జరిగింది. మీ విశ్వకర్మ లేతు మిషన్లకీ డ్రిల్లులకేనా, టోని తాత ప్లేయరు పనిముట్టు కాదా, ఆ ప్లేట్లలో ఉన్నది చేతి పని కాదా, దాన్ని ఎందుకు గౌరవించరు అని అడిగినాను. అమ్మ "వచ్చినాడు లెక్చరు మాస్టరు" అంది. నాన్న మాత్రం విన్నాడు. "నిజివేరా" అన్నాడు. నా జీవితంలో నాన్న నా వాదన ఒప్పుకున్నది అదొక్కటే. అలాంటి మనిషి ఇప్పుడు ఇలా కుంగిపోవడంలో ఆశ్చర్యమేముంది.


సెప్టెంబర్ 23, మంగళవారం

మా ఓల్డ్ సెటిల్‌మెంటు కాలనీ అంతా అంటించినాను. పంపుల దగ్గర, రేషను షాపు గోడ మీద, పూజ పందిరి వెదుళ్ళ మీద కూడా. మధ్యాహ్నానికి పందిరి బ్యానరు మీద హరిబాబు పేరు పక్కన ఎవరో బొగ్గుతో 'దొంగ' అని రాసినారు. నేను కాదు. కానీ సంతోషించినాను. ప్రజలు మేలుకుంటున్నారు.

సాయంత్రం హరిబాబే మా గేటు దగ్గరికొచ్చినాడు. చేతిలో నా కాగితం. నన్ను చూడలేదు. మంచం మీద కూచున్న నాన్ననే చూసినాడు.

"ఏం జగ్గారావూ. నీ కొడుకు బాగా రాసినాడయ్యా. సదివినావా?"

నాన్న మంచం నవారు సర్దుతున్నాడు.

"సదువు. గట్టిగా సదువు, నేనింటాను. శ్రామికుని సెవిపై దాడి. కొత్తగా ఉంది."

"ఆణ్ణేటీ అనకు హరీ" అన్నాడు నాన్న, నేల చూస్తూ.

"నేనేటంటాను? అంతా ఆడే అన్నాడు గదా."

నేను లేచి, బెదిరించడానికొచ్చినారా అని అడిగినాను. హరిబాబు నా వైపు తిరిగి, చిన్నపిల్లాడి చొక్కా గుండీ తప్పు పెట్టుకుంటే చూసినట్టు చూసినాడు. "నీ వయసుకి నాకూ కోపమొచ్చేది బాబూ. కానీ దానికంటే ముందు ముక్కు పన్జేసేది" అనేసి వెళ్ళిపోయినాడు. అర్థం లేని మాటలు. దొరికిపోయినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు.

అమ్మ గిన్నెలు తోముతూ, "అప్పలనర్సమ్మ కొడుకు అందరినీ తిడతాడని పేరొచ్చింది నాకు" అంది.


సెప్టెంబర్ 24, బుధవారం

నాన్న డ్యూటీకి వెళ్ళలేదు. జ్వరమన్నాడు. నుదురు ముట్టుకున్నాను. జ్వరం లేదు.


సెప్టెంబర్ 25, గురువారం

ఆదివారం పందిరి ముందే నిరసన సభ పెట్టాలని, తాతని మాట్లాడమని అడగడానికి ఖరిదా వెళ్ళినాను. మీనాకుమారి కూడా వచ్చింది. తాత మంచం మీద కూచుని బఠాణీలు ఒలుస్తున్నాడు.

మీనాకుమారి ఫోనులో లూట్ వెతికి పెట్టింది. వేలకి వేలున్నాయి. తాత ఫోను కుడి చెవికి ఆనించుకుని, మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"బాగుందమ్మా. ఈయనెవరో వేరే ఆయన."

"అదే పాట తాతా. పేరు సూసే పెట్టినాను."

"పాట అదే. నాకిప్పుడు సెవిలో సగవే పడతాదమ్మా. మిగతా సగం నేను నింపుకోవాల. నా ప్లేట్లయితే ఎక్కడ వేలు జారి తీగ కీచుమంటాదో, ఎక్కడ ఆయన కుర్సీ కిర్రుమంటాదో, ఎక్కడ ఊపిరి తీస్తాడో అన్నీ నాకు తెలుసు. నింపుకోగలను. ఈయన తెలీదు నాకు. ఈయన్ని నేర్సుకునేంత సెవి లేదు."

వినికిడి మిషను పెట్టుకుంటే అని అడిగితే, పెట్టి చూసినాడంట. మాటలు వినిపిస్తాయంట. లూట్ పెడితే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుందంట.

అప్పుడు సభ సంగతి చెప్పినాను. తాత బఠాణీల గిన్నె పక్కన పెట్టినాడు.

"కాయితాలు పీకేసి రా బుజ్జీ."

"ఏటి?"

"హరి సెయ్యలేదు."

"మరెవరు చేసినారు?"

"ఎవరైతే ఏటి? పీకేసి రా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మీలాంటివాళ్ళ మంచితనం వల్లే ఈ దేశం ఇలా ఉందని, అన్యాయాన్ని క్షమించడం అన్యాయంలో భాగస్వామ్యమని, ఇంకా చాలా అన్నాను. తాత వింటూ వింటూ తల నెమ్మదిగా తిప్పి ఎడమ చెవి నా వైపు పెట్టినాడు. అది పని చెయ్యదు.

మీనాకుమారి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ముసిలాయన మీద అరిసేసి విప్లవం తెచ్చేస్తావేటి" అంది.


అదే రోజు, సాయంత్రం

కొత్త కాగితాలు అంటించడానికి స్టవ్వు మీద మైదా జిగురు కలుపుతున్నాను. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసినాడు.

"నా పేరు రాయిరా ఆ కాయితం మీద."

సభకి మద్దతుగా సంతకం పెడతానంటున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇంతకంటే ఏం కావాలి, కార్మికుడు స్వయంగా ముందుకొచ్చినాడని గుండె పొంగింది. "ఎక్కడ రాయమంటావు నాన్నా" అని అడిగినాను, నవ్వుతూ.

"హరి పేరు కొట్టేసి, ఆ సోట."

జిగురు మాడిపోయింది. అమ్మ వచ్చి స్టవ్వు ఆపింది.


సెప్టెంబర్ 26, శుక్రవారం

రాయలేను.


మధ్యాహ్నం

రాయాలి. నాన్న చెప్పింది చెప్పినట్టు.

విశ్వకర్మ పూజ ముందురోజు సాయంత్రం, వర్క్‌షాపులో మిషన్లన్నీ కడిగినాక, నా మాట గుర్తొచ్చిందంట. ఆడు సెప్పింది నిజివే గదా, టోనన్న మిషనుకెవరున్నారు సెయ్యడానికి, అనుకున్నాడంట. హరిబాబు ఇంటికెళ్ళి తాళం అడిగి తీసుకున్నాడు. షాపులో ఎలా చేస్తారో అలాగే చేసినాడు. ముందు కిరసనాయిలు, తర్వాత వేస్టుతో తుడవడం. వేస్టు అంటే మిషన్ల దగ్గర చేతులు తుడుచుకునే నూలు పోగుల ఉండ. కొత్తది దొరకలేదంట. వాడిందే ఇంటికి తెచ్చి, సబ్బుతో రెండు సార్లు ఉతికి ఆరేసినాడంట. ఆ ఉండ నాకు తెచ్చి చూపించినాడు. నేను వేళ్ళతో నలిపినాను. ఇనప రజను. ఎంత ఉతికినా పోదు అది.

"గీతల్లో మురికుండిపోయినాదిరా" అన్నాడు. "నల్లగా, సన్నగా. మర గాడిలో మురికుంటే నట్టు పట్టదు గదా. అదీ అలాటిదే అనుకున్నాను. ఒక్కొక్క గాడీ తుడిసినాను. గట్టిగా. అన్ని ప్లేట్లూ."

తర్వాత తుప్పు పట్టకుండా పల్చగా మిషనాయిలు పూసినాడు. తర్వాత బొట్టు.

"ఆదివారం కొత్తదానిలా పలుకుతాదనుకున్నాను."

అందుకే లోపలికొచ్చి నిలబడ్డాడు. అందుకే ఉతికిన చొక్కా.

నాన్న ముప్పయ్యేళ్ళుగా ఫిట్టరు. ఆయన చెయ్యి పడిన రైలు కోచ్ ఏ ఊళ్ళోనూ ఆగిపోలేదని షాపులో చెప్పుకుంటారు. అదే చెయ్యి. అంతే శ్రద్ధ. ఎవడైనా ద్వేషంతో చేసి ఉంటే ఇంత బాగా పాడు చేసేవాడు కాదు, ఏదో ఒక ప్లేటు వదిలేసేవాడు. ప్రేమతో చేసినాడు కాబట్టి ఒక్క గాడీ వదల్లేదు.

ఇది ఏ పుస్తకంలో ఉంది? దీనికి ఎవడి మీద కరపత్రం రాయాలి?

గౌరవించమన్నాను. గౌరవం ఆయన దగ్గర ఏ రూపంలో ఉందో అడగలేదు.


అదే రోజు

గోడల మీది కాగితాలు పీకినాను. మైదా జిగురు బాగా పట్టుకుంది. గోళ్ళలోంచి రక్తమొచ్చింది. పందిరి దగ్గర ఎవరో "ఏం తమ్మీ, రాజీనామానా?" అన్నాడు. ఇంకో కాగితం పీకినాను.

తర్వాత తాత దగ్గరికి వెళ్ళినాను. ఆయన కుడి చెవి వైపు కూచుని చెప్పినాను. నాన్నే అని.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు?"

"ముక్కు దగ్గర పెట్టుకోగానే. మిషనాయిలు వాసన తెలీదేట్రా నాకు? గుమ్మంలోకి సూసినాను. జగ్గారావు మొకం సూసినాను. ఆ మొకం సూసినాక ఇంకేటి సెప్తాం?"

మంచం మీద నాకు ఇంకొంచెం చోటిచ్చినాడు.

"ఆడు ఇన్నేళ్ళూ మెట్టు మీద కూకున్నాడు బుజ్జీ. లోపలికి రారా అంటే రాడు. మొన్నొక్క రోజే వొచ్చినాడు. ఆ రోజే ఇలాగైనాది. అది నాకు బాధ."

"ప్లేట్లు?"

"బాధ కాదేటి? బాధే. రోజూ రాత్రి లెక్కెట్టుకుంటున్నాను, ఏదేది పోయిందోనని. కానీ జగ్గారావుని ఏటనను?"

మంచం కింది పెట్టె లాగమన్నాడు. దుప్పటి మడతల మధ్య ఒక ప్లేటు. అట్ట అంచులు చిరిగిపోయినాయి. పచ్చ రంగు మీద అదే పుచ్చకాయ పొట్ట వాయిద్యం. వీణ అనుకుని కొన్న మొదటిది. తబిత మామ్మది. ఆవిడ పోయినాక తాత దీన్ని వెయ్యలేదు, రీడింగ్ రూముకీ తేలేదు. అన్నీ విన్నాక చివర్న విందామని దాచుకున్నాడు. ఇందులో కూడా మొదట ఆ ఊపిరి ఉందంట.

"ఈ ఆదివారం దీన్ని ఏద్దాం" అన్నాడు. "నిన్నటి నుంచి ఎడం వైపు రొద లాంటిదే కుడి వైపు కూడా మొదలైంది. కొంచెమే. ప్లేటు కాదు ఇప్పుడు. సెవే."

ఆయన ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు అర్థమవడానికి గది బయటికి రావలసి వచ్చింది. ఆదివారమే. ఇంకో ఆదివారం ఉండకపోవచ్చు.

ఖరిదా సందు దాటుతుంటే మైకులు టెస్టు చేస్తున్నారు. హలో హలో మైక్ టెస్టింగ్. ఆదివారం షష్ఠి. దుర్గాపూజ మొదలు. ఊరంతా పందిళ్ళు, పందిరికి నాలుగేసి హారన్లు. మా రీడింగ్ రూము గోడకి ఆనుకునే మా లేను పందిరి.

లూట్ పక్కన ఎవరైనా దగ్గితేనే వినపడదు.


సెప్టెంబర్ 27, శనివారం

హరిబాబు మావ ఇంటికి వెళ్ళినాను. గుమ్మం బయటే నిలబడ్డాను. ఆయన బనీనుతో కూచుని చందా రసీదులు చించుతున్నాడు. లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాది మావా. మీరు చెయ్యలేదు."

"నాకు తెలీదేటి నేను సెయ్యలేదని? ఇంకేటైనా కొత్త కబురుంటే సెప్పు."

"నాన్న చేసినాడని మీకు తెలుసు. తాళం మీ దగ్గరే తీసుకున్నాడు. మరి ఎందుకు చెప్పలేదు?"

రసీదు పుస్తకం మూసినాడు.

"సెప్తే ఏటి సేసేవోడివి? మీ నాన్న మీద ఏసేవోడివి కాయితం. నీకు మంచి అక్షరం ఉంది, ఏసేవోడివే. నేనూ జగ్గడూ ఒకే రోజు షాపులో జేరినాం. ఆడి కొడుకు ఆణ్ణి గోడల మీద తిడతంటే నేను సూడాలా?" పుస్తకం పక్కన పడేసి, "అలాగని నేను మంచోణ్ణని రాసేయకు మళ్ళీ. నాకు కోపవుంది. నా కూతురు పందిరికి రానంటంది, బొగ్గు రాత సూసి. నీ సెంప పగలగొట్టాలనుంది" అన్నాడు.

"కొట్టండి."

"కొడితే అయిపోతాది. ఎందుకొచ్చినావో సెప్పు."

అడిగినాను. రేపు సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర దాకా పందిరి మైకు ఆపాలి. డోలు కొట్టే ఢాకీలని వాయించొద్దనాలి. మన పందిరి ఒక్కటే కాదు, పక్క లేన్ల వాళ్ళకి కూడా మీరు చెప్పాలి. మీరు చెప్తే వింటారు.

"షష్ఠి రోజా? నీకు మతి ఉందేటి?"

తాత చెవి సంగతి చెప్పినాను. మామ్మ ప్లేటు సంగతి చెప్పినాను. హరిబాబు మావ బనీను అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"తబిత టీచరు నాకు మూడో క్లాసు సెప్పింది" అన్నాడు చివరికి. "బెత్తంతో కొట్టేది."

తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు. పక్క లేన్ల సెక్రటరీలకి ఫోన్లు మొదలుపెట్టినాడు. బెంగాలీలో ఒకరికి, హిందీలో ఒకరికి, తెలుగులో ముగ్గురికి. "ఆఁ దాదా, ఆధా ఘంటా, మేరీ ఇజ్జత్ కా సవాల్ హై." అరగంటే, నా పరువు సమస్య అని బతిమాలుతున్నాడు. అటువైపు ఎవరో నవ్వినట్టున్నారు. "అవునయ్యా, దొంగనే, ఆ దొంగే అడుగుతున్నాడు, ఆపు" అన్నాడు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోను పెట్టేసి, "ఒక షరతు" అన్నాడు. "ఇయ్యాల పందిరి దీపాలెలిగించినాక, నా మైకులోనే నువ్వు సెప్పాల. ఎవలు సేసినారో, ఎవలు సెయ్యలేదో. నీ వేదిక పేరు కాదు. నీ పేరు."

ఇంటికొచ్చి నాన్నకి చెప్పినాను. నీ పేరు మైకులో చెప్పలేను, మరేదైనా మాట కలుపుతాను, పొరపాటున పాడయినాయని చెప్తాను అన్నాను. నాన్న వద్దన్నాడు.

"ఆ నాలుగు రోజులూ హరి మోసినాడు గదరా. సెప్పు. పక్కన నేనుంటాను."

అమ్మ నాన్న చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది. "ఇది కూడా నీ కాయితంలా పెద్దగా రాయకు. జనం నిలబడలేరు" అంది.

అందుకే ఇక్కడ రాసుకుని, చూసి చదువుతాను. మైకు ముందు నోరు నాది కాకుండా పోతుంది.

అందరికీ నమస్కారం. నేను జగ్గారావు గారి అబ్బాయి బుజ్జిబాబుని. గోడల మీద కాగితాలు అంటించింది నేను. అందులో రాసింది అబద్ధం. హరిబాబు గారు టోని తాత ప్లేట్లని ముట్టుకోలేదు. బ్యానరు మీద బొగ్గుతో రాసిన మాట ఆయనకి చెందదు. దాన్ని రేపు పొద్దున్న నేనే తుడుస్తాను.

ప్లేట్లని విశ్వకర్మ పూజకని కిరసనాయిలుతో, వేస్టుతో శుభ్రం చేసింది మా నాన్న. షాపులో మీరందరూ మీ మిషన్లకి చేసినట్టే చేసినాడు. అవి మీ మిషన్ల లాంటివి కావని ఆయనకి ఎవరూ చెప్పలేదు. గౌరవించమని చెప్పినవాణ్ణి నేను, ఎలాగో చెప్పనివాణ్ణీ నేనే.

టోని తాతకి ఒక్క ప్లేటు మిగిలింది. కుడి చెవి కొంచెం మిగిలింది. ఆ ప్లేటులో లూట్ అనే వాయిద్యం ఉంది. చాలా మెల్లగా పలుకుతుంది. మన ఊళ్ళో అంత మెల్లగా పలికేది ఇంకేదీ లేదు. రైళ్ళని మనం ఆపలేం, వాటికి తాత అలవాటు పడ్డాడు. మైకుల్ని ఆపగలం. హరిబాబు గారు ఆపిస్తున్నారు.

రేపు, ఆదివారం, షష్ఠి, సాయంత్రం ఐదు గంటలకి రీడింగ్ రూము వెనక గదికి రండి. గది చిన్నది, పట్టనివాళ్ళు కిటికీల దగ్గర నిలబడండి. చెప్పులు దూరంగా విప్పండి. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి. షాపు నుంచి నేరుగా వచ్చేవాళ్ళు చేతులు కడుక్కోలేదని మెట్టు మీద కూచోవద్దు, లోపలికి రండి. మా నాన్న కూడా లోపలే కూచుంటాడు.

ముల్లు ఆనగానే మొదట ఒక మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది. అది తాత చెవిలో పడాలి. ఆ ఒక్క క్షణం మీరెవరూ కదలకండి.

ఐదు గంటలకి. రండి.